పక్క సీటు బ్రేకు

నా తోడల్లుడు ఆరడుగుల పైమాట. ఆయన కూర్చోవటానికి వీలుగా ముందు సీటు వెనక్కి జరిపితే, వెనక కూర్చున్న నా మోకాళ్ళు దాదాపు గడ్డానికి ఆనేవి. అయినా రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ బండెక్కి కూర్చునేవాణ్ణి. రిటైరైన మొగుడు పొద్దున పూట ఇంట్లో ఉంటే చీపురు తిప్పటానికి చోటుండదని మా ఆవిడ అభియోగం. వాళ్ళక్క మొగుడేమో డ్రైవింగు మాస్టారు. "వెనక కాస్త బరువుంటే నేర్చుకునేవాళ్ళకి అసలు రోడ్డు అలవాటవుతుంది, రా తమ్ముడూ" అని నన్ను సిమెంటు బస్తాలా వెనక సీట్లో వేసుకుని తిప్పేవాడు. కాబట్టి ఇక్కడ రాసేదంతా నేను కళ్ళారా చూసిందే. కాస్త పెంచి చెప్తానని మా మనవలు అంటారు. పెంచకుండా చెప్తే వాళ్ళు మధ్యలో లేచిపోతారు. అదీ రాసుకోండి.

డ్రైవింగు స్కూలు మా ఇద్దరి బావమరిదిది. ఒక మందుల షాపుకీ ఒక చెప్పులు కుట్టే కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఒంటిగది. గోడ మీద ట్రాఫిక్ గుర్తుల పటం ఎండకి ఎంత వెలిసిపోయిందంటే, అందులో 'ఆగు'కీ 'వెళ్ళు'కీ తేడా ఊహించుకోవాల్సిందే. ఉన్నది ఒకటే కారు. దాని హారను మోగిస్తే పక్క వీధిలో పాలు విరిగేవి.

మా బావమరిది చెడ్డవాడు కాదు. కాకపోతే ఎవరు ఏం చెప్పినా ముందు ఒక మాట బయటికొచ్చేది: "కష్టం బావా." ఎవరైనా నేర్చుకుంటానని గుమ్మం ఎక్కితే, తలనుంచి కాళ్ళదాకా చూసి, "కష్టం. సరే, మీ ఇష్టం" అనేవాడు. ఆ రెండో మాట మీదే స్కూలు నడిచేది.

మా మాస్టారు దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. ఎవరు ఏ కోరిక చెప్పినా, "చేద్దాం" అనేవాడు. 'చెయ్యి' కాదు, 'చేద్దాం'. మా వీధిలో ఒకాయన మేడ మీద చేపలు పెంచుతానంటే అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఈయన ఒక్కడే నవ్వకుండా, "ఏ రకం చేపలు?" అని అడిగాడు. సాయంత్రానికి నీళ్ళ తొట్టె మోయటానికి కూడా వెళ్ళాడు. ఆ చేపల్లో ఒకటి దూడంత పెరిగిందని నేను చెప్తే ఎవరూ నమ్మరు కానీ, నేను తొట్టె మోయలేదు కాబట్టి నాకు చెప్పే హక్కుంది.

కారులో రెండు బ్రేకులుంటాయని మీలో నేర్చుకున్నవాళ్ళకి తెలుసు. నేర్చుకునేవాళ్ళ కాలి కింద ఒకటి, పక్క సీట్లో మాస్టారి కాలి కింద ఇంకొకటి. వాళ్ళు తొక్కాల్సినప్పుడు తొక్కకపోతే మాస్టారు తొక్కుతాడు, బండి ఆగుతుంది, ప్రాణాలు దక్కుతాయి. ఇరవై ఏళ్ళుగా అదే పని చేసీ చేసీ, మా తోడల్లుడి కుడికాలికి సొంత బుద్ధి వచ్చేసింది. ఇంట్లో మా వదిన ఆయన గ్లాసులో నీళ్ళు పోస్తుంటే, చాలని నోటితో చెప్పడు, బల్ల కింద కాలు నొక్కుతాడు. "నేను బండిని కాదండీ, నోరు తెరిచి చెప్పండి" అని ఆవిడ రోజూ విసుక్కునేది.

ఈ కథ టైలరమ్మది కూడా. మా బజారు మలుపులో మెట్ల కింద ఆవిడ దుకాణం. కుట్టుమిషను, స్టూలు, ఆవిడ పడితే ఇక గాలి పట్టేది కాదు. యాభై దాటిన మనిషి. భర్త పోయి చాలాకాలమైంది, కూతురు వేరే ఊళ్ళో నర్సు. ఎప్పుడూ పెదాల మధ్య రెండు గుండుసూదులు ఉండేవి. అవి తియ్యకుండానే మాట్లాడేది, బేరమాడేది, అవసరమైతే తిట్టేది కూడా.

ఆ మెట్ల భవనం పడగొడతారని తేలింది. ఖాళీ చెయ్యమన్నారు. అందరూ అయ్యో పాపం అన్నారు. ఆవిడ మాత్రం పక్క వీధి రొట్టెలాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన కొత్త వ్యాను కొనబోతున్నాడు. పాతది పెరట్లో ఉంది. అది చిన్న గదంత బండి, లోపల రెండు పక్కలా రొట్టెలు పెట్టే అరలు. దాన్లో మిషను బిగించుకుని ఆస్పత్రి గేటు దగ్గరికీ, కాలేజీ హాస్టలు దగ్గరికీ, ఫ్యాక్టరీ గేటు దగ్గరికీ తనే నడుపుకుంటూ వెళ్ళాలని ఆవిడ ఆలోచన. చిరిగిన బట్టలు ఉన్న చోటికి టైలరు వెళ్ళాలి కానీ, చిరిగిన బట్టలు వేసుకుని జనం టైలరు దగ్గరికి ఎందుకు రావాలి, అని ఆవిడ వాదన.

రొట్టెలాయన మంచివాడే, కానీ తొందర మనిషి. "లైసెన్సు తెచ్చుకో అక్కా, బండి నీదే. అది లేకుండా తాళం ఇస్తే రేపు నన్ను పట్టుకుంటారు. కొత్త వ్యాను వచ్చే లోపల తేవాలి. వచ్చిందంటే నాకు పెరట్లో చోటుండదు, పాత ఇనుము వాడికి ఇచ్చేస్తాను" అన్నాడు.

అలా ఆవిడ మా బావమరిది గుమ్మం ఎక్కింది.

"వయసెంత?" అన్నాడు వాడు.

"బండి తోలటానికా, పెళ్ళి చేసుకోటానికా?" అంది ఆవిడ, సూదుల మధ్య నుంచి.

"ఎప్పుడైనా సైకిలైనా తొక్కారా?"

"మిషను తొక్కాను. ముప్ఫై ఏళ్ళు."

"కష్టం" అన్నాడు వాడు.

"చేద్దాం" అన్నాడు మా మాస్టారు, మూలనుంచి లేస్తూ.

మర్నాడు పొద్దున్నే పాఠం మొదలైంది. మొదటి రోజే ఒక చిత్రం. టైలరమ్మ పాదం యాక్సిలరేటరు మీద పడగానే, పాత అలవాటు కొద్దీ మడమా వేళ్ళూ, మడమా వేళ్ళూ అని ఊగటం మొదలుపెట్టింది. బండి దగ్గినట్టుగా ముందుకి దూకుతూ ఆగుతూ పోయింది. నా కళ్ళజోడు నా ముక్కు మీద నుంచి డ్రైవరు మెడ మీదికి వెళ్ళి, మళ్ళీ ఎలా వెనక్కి వచ్చిందో నాకు తెలీదు.

"అమ్మా, ఇది మిషను కాదు. ఒక్కసారి నొక్కి పట్టుకోవాలి. మెల్లగా" అన్నాడు మాస్టారు.

"మెల్లగానే కుడుతున్నా మాస్టారూ."

"కుట్టకండి. తోలండి."

వారం తిరిగేసరికి దగ్గు తగ్గింది. గేర్లు వచ్చాయి. మలుపులు బ్రహ్మాండంగా వచ్చాయి. కాలరు తిప్పిన చెయ్యి కదా, స్టీరింగు ఒంపు తిప్పటం ఆవిడకి మంచినీళ్ళ ప్రాయం. ఎదురుగా ఏ రిక్షానో కుక్కో వచ్చినప్పుడు మాత్రం బండి ఠక్కున ఆగేది, నా మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన ప్రార్థన ఒకటి నాకు ఆపదలో వచ్చేస్తుంది. ఆ రోజుల్లో ఎప్పుడూ మొదటి సగమే అయ్యేది. రెండో సగానికి వచ్చేలోపు బండి ఆగిపోయేది. అంత భద్రంగా ఉండేది ఆయన పక్కన.

"భలే అమ్మా, చూశారా, వచ్చేసింది" అనేవాడు ఆయన ప్రతిసారీ. టైలరమ్మ మొహం వెలిగిపోయేది.

పరీక్ష రోజు వచ్చింది. ఊరి చివర మైదానంలో ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములు వరసగా పెట్టి దారులు చేస్తారు. ఇన్‌స్పెక్టరు అట్ట, పెన్ను పట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. ఆయన చెప్పులు విడిచి, పాదాలు వెనక్కి లాక్కుని, పక్క బ్రేకుతో నాకేం సంబంధం అన్నట్టు కూర్చునే రకం. మేము కంచె అవతల నిలబడ్డాం. టైలరమ్మ ఎనిమిది అంకె వేసింది. ఎత్తు ఎక్కి దిగింది. వెనక్కి తీసి గీసిన గడిలో పెట్టింది. నేను మాస్టారి వీపు తట్టాను కూడా. ఇక మిగిలింది తెల్లగీత దగ్గర ఆగటం.

గీత వచ్చింది. దాటింది. బండి ఆగలేదు. నిటారుగా, ఒక్క అంగుళం పక్కకి పోకుండా, ఎంతో నమ్మకంగా డ్రమ్ముల వరసలోకి దూసుకుపోయింది. ఇన్‌స్పెక్టరు చేతిబ్రేకు లాగేసరికి అక్కడ నిలబడి ఉన్న డ్రమ్ము ఒక్కటీ లేదు. ఒకటైతే మైదానం దాటి, రోడ్డు దాటి, టీ దుకాణంలోకి వెళ్ళి కూర్చుంది. ఇప్పటికీ వాళ్ళు దాన్లోనే గ్లాసులు కడుగుతున్నారు.

ఇన్‌స్పెక్టరు దిగి, చెప్పులు వేసుకుని, "మళ్ళీ రండి. ఈసారి ఆగటం కూడా నేర్చుకుని రండి" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మాస్టారే తోలాడు. సగం దారిలో టైలరమ్మ తన కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకుని, నెమ్మదిగా అడిగింది.

"మాస్టారూ, ఇన్నాళ్ళూ చెయ్యి వేస్తే బండి ఆగింది కదా. ఇవాళ ఎందుకు ఆగలేదు?"

"చెయ్యేమిటమ్మా?"

"చెయ్యండీ. మిషను ఆపాలంటే పక్కనున్న చక్రం మీద అరచెయ్యి వేస్తాం. ఆగిపోతుంది. ఇక్కడా స్టీరింగు మీద గట్టిగా వేసేదాన్ని. ఆగేది. కాలు కూడా వెయ్యమన్నారని వేస్తున్నాననే అనుకున్నా. ఇవాళ చూసుకుంటే కాలు ఎక్కడో ఉంది."

మాస్టారు బండి పక్కకి తీసి ఆపేశాడు. నాకు కాస్త ఆలస్యంగా వెలిగింది. రిక్షా ఎదురొచ్చిన ప్రతిసారీ ఆవిడ అరచెయ్యి వేసింది, ఆయన కాలు వేశాడు. ఆగింది ఆయన కాలితో. ఆవిడ ఒళ్ళు నేర్చుకున్నది మాత్రం అరచేతి పాఠం. పక్కనున్న ఆయనా చూసుకోలేదు, ఆయన కాలు ఆయనకి చెప్పి చేసేది కాదు కదా.

ఆ సాయంత్రం స్కూల్లో మా బావమరిది చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటూ, "ముందే చెప్పాను, కష్టమని" అన్నాడు. "అసలు బావా, నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు మొదటిసారి ఎప్పుడైనా పాసయ్యారా? నా దగ్గరవాళ్ళు అవుతారు. చూసుకో."

అది నిజం. ఎప్పుడూ ఎవరం పట్టించుకోలేదు కానీ నిజం. మా బావమరిది పాఠం చెప్పేటప్పుడు పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోయేవాడు. పక్కన గురక వినిపిస్తుంటే, నేర్చుకునేవాడు తన ప్రాణం తనే చూసుకోవాలి. బ్రేకు తనే తొక్కాలి. తొక్కేవాడు.

మాస్టారు ఆ మాట విని ఇంటికొచ్చి కూలబడ్డాడు. మా వదిన నన్ను పిలిపించింది. వెళ్ళేసరికి ఆయన కుర్చీలో కూర్చుని తన కుడికాలిని ఏదో పరాయి మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

"తమ్ముడూ, వాడే నయం" అన్నాడు. "వాడు ఎవరినీ నమ్మడు, నమ్మనని మొహం మీదే చెప్తాడు. నేను నోటితో చేద్దాం అంటాను, కాలితో మీవల్ల కాదంటాను. ఇరవై ఏళ్ళు. ఎంతమందికి చెప్పానో. ఇంక మానేస్తాను. రేపట్నుంచి స్కూలుకి పోను."

"పోకపోతే ఇంట్లో కూర్చుని నా నీళ్ళ గ్లాసుకి బ్రేకులు వేస్తారా?" అంది మా వదిన. ఆయన నవ్వలేదు. అప్పుడు నాకు భయమేసింది. ఆవిడ హాస్యానికి నవ్వకపోతే ఆయనకి నిజంగా ఒంట్లో బాగాలేనట్టే.

మర్నాడు ఆయన నిజంగానే స్కూలుకి వెళ్ళలేదు. నేను వీధిలో పడి టైలరమ్మ దుకాణం దగ్గరికి వెళ్ళాను. సంగతంతా విని ఆవిడ కుడుతున్న చొక్కా పక్కన పెట్టి, నన్ను మిషనుకి కాపలా ఉంచి, సరాసరి ఆయన ఇంటికి పోయింది. తర్వాత మా వదిన చెప్పింది, లోపలికి కూడా రాలేదట. గుమ్మంలోనే నిలబడి అందట:

"మాస్టారూ, ఇన్నాళ్ళూ మీరు నన్ను నమ్మారో లేదో నాకు అనవసరం. అది మీరూ మీ కాలూ తేల్చుకోండి. రొట్టెలాయన కొత్త వ్యాను నెలాఖరుకి వస్తోంది. మళ్ళీ పరీక్ష దానికి ముందే. అప్పటికి నమ్మితే చాలు."

ఆయన బదులు చెప్పేలోపు ఆవిడ మెట్లు దిగేసిందట. ఆయన చెప్పులేసుకుని వెనకే పరిగెత్తాడు.

అలా పాఠం కారులో కాకుండా కుట్టుమిషను దగ్గర మొదలైంది. ఆలోచన ఆవిడదే. "చెయ్యి అలవాటు ఇక్కడ పట్టింది. ఇక్కడే వదలాలి" అంది. మిషను ఆపేటప్పుడు చక్రం మీద చెయ్యి వెయ్యకుండా, కాళ్ళతోనే కింద తొక్కే పలకని బిగబట్టి ఆపాలి. వస్తుందట, కానీ ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ అలా చెయ్యలేదు. మాస్టారు ఇంకో స్టూలు ఇరికించుకుని, ఆ మెట్ల కింద మెడ వంచుకుని కూర్చున్నాడు. నేను వీధిలో నిలబడ్డాను, లోపల చోటు లేక.

ఆవిడ కుట్టటం మొదలుపెడుతుంది. టకటకటక. ఆయన ఉన్నట్టుండి "బ్రేకు!" అని అరుస్తాడు. ఆవిడ ఆపాలి. మొదట్లో చెయ్యి దానంతటదే చక్రం మీదికి ఎగిరేది. ఒక పెద్దమనిషి ప్యాంటు కాలు మోకాలి దగ్గర మూసుకుపోయింది. ఆయన వచ్చి చూసుకుని, "ఇదేంటమ్మా?" అంటే, "ట్రాఫిక్కండీ" అంది ఆవిడ. విప్పి మళ్ళీ కుట్టి ఇచ్చింది.

"బ్రేకు!"

టక్. కాలితో ఆగింది.

"వచ్చింది" అన్నాను నేను వీధిలోంచి.

"నాకు వచ్చింది. ఆయనకి రాలేదు" అంది టైలరమ్మ సూదుల మధ్య నుంచి. "మాస్టారూ, కింద చూసుకోండి. బ్రేకన్నప్పుడల్లా మీ కాలు నేలని తొక్కుతోంది."

ఆయన చూసుకున్నాడు. నిజమే. స్టూలు ముందు మట్టి నున్నగా అరిగింది.

ఆ రోజు నుంచి ఇద్దరికీ పాఠమే. ఆయన "బ్రేకు" అనాలి, కాలు కదపకూడదు. కదిపితే ఆవిడ చేతిలో కొలతబద్ద ఉంది. కాన్వెంటులో స్కేలు దెబ్బలు తిన్న వేళ్ళు నావి. ఆవిడ విసురు చూసి, ఈవిడ మా మదర్ సుపీరియర్ దగ్గర నేర్చుకుందా అని అనుమానం వచ్చింది. ఆరడుగుల మనిషి "అబ్బా" అంటూ మోకాలు తడుముకోవటం చూడటానికి చెప్పుల కొట్టతను పని ఆపుకుని వచ్చేవాడు.

తర్వాత కారు. ఆదివారం, సెలవు రోజు, ఎప్పుడో మూతపడ్డ పాత మిల్లు వెనక పెద్ద ఆవరణ. అట్టపెట్టెలు అడ్డంగా పేర్చాం. మాస్టారు పక్క సీట్లో కూర్చున్నాడు, చెప్పులు విడిచాడు, తర్వాత నేను జన్మలో మర్చిపోలేని పని ఒకటి చేశాడు. సీటు మీద మఠం వేసుకున్నాడు. ఆరడుగుల శరీరాన్ని మడిచి, రెండు కాళ్ళూ తొడల కింద పెట్టుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. తల బండి కప్పుకి ఆనింది.

"మాస్టారూ, కాళ్ళు?" అంది ఆవిడ.

"బండి మీదమ్మా. తోలండి."

"అన్నయ్యా" అన్నాను నేను వెనకనుంచి, "నాకు ఇంటి దగ్గర చిన్న పనుంది."

"కూర్చో."

బండి కదిలింది. అట్టపెట్టెలు దగ్గరయ్యాయి. నేను ప్రార్థన అందుకున్నాను. మొదటి సగం అయిపోయింది. రెండో సగం కూడా అయిపోయింది. బడి వదిలాక అంతా పూర్తిగా చెప్పటం అదే మొదటిసారి. ఆమెన్ అంటుండగా పెట్టెల్లోకి దూరాం. ఆవిడ కుడిచెయ్యి స్టీరింగు మీద బిగుసుకుని ఉంది. మాస్టారి నుదుటి మీద చెమట. కాళ్ళు మాత్రం తొడల కిందే ఉన్నాయి.

"మళ్ళీ" అన్నాడు ఆయన.

మళ్ళీ దూరాం. మళ్ళీ పేర్చాం. పేర్చే పని నాది. మూడోసారి పెట్టెలకి ఆవల ఉన్న పాత ఇనుప గేటుకి కూడా తగిలి ముందు బంపరు మూతి వంకరపోయింది. ఆ తర్వాత ఎప్పుడో, నేను లెక్క పెట్టటం మానేశాక, బండి పెట్టెలకి మూరెడు దూరంలో ఆగింది. మెత్తగా ఆగింది. నా మోకాళ్ళు గడ్డానికి తగల్లేదు.

"ఎవరు ఆపారు?" అంది ఆవిడ అనుమానంగా.

మాస్టారు తన ఒళ్ళోకి చూపించాడు. మఠం అలాగే ఉంది.

ఆవిడ సూదులు తీసి చేత్తో పట్టుకుని నవ్వింది. పాతికేళ్ళుగా ఆ బజార్లో ఉన్నవాణ్ణి, ఆవిడ పళ్ళు చూడటం అదే నాకు మొదలు.

వంకర బంపరు చూసి మా బావమరిది గంతులేశాడు. "బావా! బ్రేకు కాలి కింద పెట్టుకుని మఠం వేస్తావా? నువ్వు పాఠం చెప్తున్నావా, తపస్సు చేస్తున్నావా? ఆవిడ వల్ల కాదు, ఎన్నిసార్లు చెప్పాలి? కారు తాళం ఇటివ్వు!"

"పరీక్షయ్యాక ఇస్తా" అన్నాడు మాస్టారు, గొంతు పెంచకుండా. "నువ్వు నిద్రపోయి నేర్పావు. నేను మేలుకుని నేర్పుతున్నా. రెండిట్లోనూ కాలు కదలదు. తేడా ఏంటంటే, నా పక్కన కూర్చున్న మనిషికి ఒకడు చూస్తున్నాడని తెలుసు."

మా బావమరిది మళ్ళీ "కష్టం" అన్నాడు, అలవాటుగా.

రెండో పరీక్ష నాటికి రొట్టెలాయన కొత్త వ్యాను దార్లో ఉందని కబురు వచ్చేసింది. పాత ఇనుము అతను పెరట్లోకి వచ్చి బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి వెళ్ళాడట. ఈసారి పోతే ఇంక లేదు. మెట్ల భవనం మీద సగం కిటికీలు అప్పటికే ఊడదీశారు.

అదే మైదానం. అదే ఇన్‌స్పెక్టరు. ఈసారి ఆయన డ్రమ్ములన్నిటికీ బాగా దూరంగా తన స్కూటరు పెట్టుకున్నాడు, ముందుజాగ్రత్తగా. చెప్పులు విడిచి, పాదాలు వెనక్కి లాక్కుని కూర్చున్నాడు. మేము కంచె దగ్గర.

ఎనిమిది వేసింది. ఎత్తు ఎక్కింది. వెనక్కి తీసింది. బండి తెల్లగీత వైపు తిరిగింది. అప్పుడు వచ్చింది అసలు గండం. ఎవరూ పంపకుండానే, మైదానం పనివాడు ఒకడు నిచ్చెన భుజాన వేసుకుని, ఫోనులో మాట్లాడుకుంటూ, గీతకి ఇంకా చాలా ముందే దారికి అడ్డంగా నడిచొచ్చాడు. నిచ్చెన ఎంత పొడుగంటే, వాడు వచ్చాక చాలాసేపటికి కానీ దాని తోక రాలేదు.

నేను బండిని చూడలేదు. చూసే ధైర్యం లేక కిందికి చూశాను. నా పక్కన మాస్టారి చెప్పు ఉంది. దుమ్ములో, కదలకుండా. ఇరవై ఏళ్ళుగా నీళ్ళ గ్లాసుకి కూడా తొక్కిన ఆ కాలు చెట్టువేరులా అక్కడే ఉంది. తలెత్తి ఆయన మొహం చూశాను. ఆయన కళ్ళు బండి మీద ఉన్నాయి, పెదాల మీద చిన్న నవ్వుంది. బండి ఆగిన చప్పుడు నాకు తర్వాత వినిపించింది.

నిచ్చెనకీ బండికీ మధ్య మీరు వెళ్ళి కుర్చీ వేసుకోవచ్చు. స్టీరింగు మీద ఆవిడ చెయ్యి, ఇస్త్రీ చేసిన బట్ట మీద పెట్టినట్టు, తేలిగ్గా ఉంది. నిచ్చెనవాడు ఫోను మాట్లాడుతూనే వెళ్ళిపోయాడు. వాడికి ఇప్పటికీ తెలీదు. ఆవిడ మళ్ళీ బండి కదిపి, తెల్లగీత మీద ముందు చక్రాలు ఆనీ ఆనకుండా ఆపింది.

ఇన్‌స్పెక్టరు దిగి, చెప్పులు వెతుక్కుని, అట్ట మీద ఏదో రాసి, "ఎవరు నేర్పారు?" అని అడిగాడు.

"మేమిద్దరం నేర్చుకున్నాం" అంది టైలరమ్మ.

రొట్టెలాయన మాట మీద నిలబడ్డాడు. పాత ఇనుము అతను మళ్ళీ వచ్చే లోపే తాళం ఆవిడ చేతిలో పడింది. రొట్టెల అరల్లో దారపు ఉండలు ఎక్కాయి. ఎన్ని రోజులు తుడిచినా లోపల కమ్మటి రొట్టె వాసన పోలేదు, ఆ వాసనకే సగం గిరాకీ వస్తుందని నా నమ్మకం. మా బావమరిది మాత్రం ఆ వ్యాను పక్కన తను నిలబడి ఒక ఫోటో తీయించుకుని, వెలిసిపోయిన పటం పక్కన గోడకి తగిలించాడు. అడిగినవాళ్ళకల్లా, "మా స్కూలే" అంటున్నాడు.

మొదటి రోజు ఆస్పత్రి గేటు దగ్గరికి వెళ్ళాం. వార్డు ఆయా ఒకావిడ చిరిగిన దిండు గలీబులు మూట కట్టుకుని వచ్చింది. వెనకే ఇద్దరు నర్సులు, ఊడిన గుండీలతో ఒక డాక్టరు. టైలరమ్మ మిషను ముందు కూర్చుంది. మాస్టారు బండి వెనక భాగంలో, అరల మధ్య, నా పక్కన చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఊరికే నిలబడకండి మాస్టారూ. గుండీలు కుట్టండి."

"నాకు రాదమ్మా."

"చేద్దాం" అంది ఆవిడ, సూది ఆయన చేతికిస్తూ.

ఆయన దారం ఎక్కించి, నాలుక బయటపెట్టి, డాక్టరుగారి కోటు మీద మొదటి గుండీ మొదలుపెట్టాడో లేదో, గేటు దగ్గర కాపలా ఆయన పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, అంబులెన్సు వస్తోంది, బండి తియ్యాలి, వెనక్కి తియ్యాలి, తొందరగా!" గేటు ఇరుకు. ఒక పక్క గోడ, ఒక పక్క పళ్ళ బండి, వెనక జనం. టైలరమ్మ మెడలో కొలత టేపుతోనే ముందుకెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. ఇంజను మొదలైంది. వెనక తలుపు మూసుకుంది. లోపల చీకటి. ఎటు పోతున్నామో నాకు కనిపించలేదు. గుండీల డబ్బా ఒక అర మీద నుంచి ఇంకో అర మీదికి జారింది. నేను రెండు చేతులతో అరని కరుచుకుని, "అన్నయ్యా, గోడ! గోడ ఎంత దూరంలో ఉందో!" అన్నాను.

మాస్టారు తలెత్తలేదు. బండి వెనక్కి నడుస్తున్నంతసేపూ, తలుపు సందులోంచి పడుతున్న కాస్త వెలుతురులో, ఆయన గుండీ కుడుతూనే ఉన్నాడు.